మాంగనీసు గనుల దిబ్బలపై మళ్ళీ పచ్చదనం: విజయనగరం జిల్లా మెట్ట గ్రామాలకు పని క్రమం

విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం మండలాల్లో తిరిగేవారికి నలుపు, పసుపు, తెలుపు కలిసిన మట్టి దిబ్బలు, వాటి పక్కన నీళ్ళు నిలిచిన లోతైన గోతులు కొత్త కావు. మన దేశంలో మాంగనీసు ఖనిజం తవ్వకం 1892లో మొదలైంది ఈ ప్రాంతంలోని కోడూరులోనే. అప్పటి నుంచి తవ్వి పోసిన వ్యర్థపు మట్టి చాలా చోట్ల పోసినది పోసినట్టే ఉండిపోయింది. ప్రతి వానకూ అది కొంత కొట్టుకుపోయి గెడ్డల్లో, చెరువుల్లో, కింది పొలాల్లో పేరుకుంటూనే ఉంది. అటువంటి భూమిని తిరిగి పచ్చబరచాలనుకునే పంచాయతీ వారికి, రైతు సంఘాలకు, గని లీజుదారుల దగ్గర ఈ పని చూసే సిబ్బందికి ఉపయోగపడేలా పని వరుసను ఇక్కడ వివరిస్తున్నాను.

మన జిల్లాలో బొగ్గు లేదు. అయినా ఉపరితల గనుల భూమిని బాగుచేయడం గురించి ప్రపంచం ఎక్కువగా నేర్చుకున్నది బొగ్గు గనుల నుంచే కాబట్టి, ఆ అనుభవాన్ని ముందుగా చెప్పుకోవాలి. అమెరికాలో 1977లో వచ్చిన చట్టం, బొగ్గు తవ్విన నేలను వీలైనంతవరకు పూర్వపు ఆకృతికి తెచ్చి, దానిపై పచ్చదనం నిలబెట్టాలని గని యజమానులను ఆదేశించింది. వారు దిబ్బలను బుల్డోజర్లతో గట్టిగా అణగదొక్కి, వేగంగా పెరిగే గడ్డిని దట్టంగా చల్లారు. వాలు నిలిచింది, గడ్డి పచ్చగా కనిపించింది, కానీ అడవి తిరిగి రాలేదు. గట్టిపడిన నేలలోకి వేరు దిగలేదు, దిగిన కొద్ది మొక్కలను గడ్డి మింగేసింది. ఆ తర్వాత అపలాచియా కొండల్లో పనిచేసే అటవీ నిపుణులు, పై 4 అడుగుల మట్టిని వదులుగా వదిలేయాలని, మొక్కలతో పోటీపడని పలుచని గడ్డినే చల్లాలని, నేలను నిలబెట్టే చెట్లను, విలువైన చెట్లను కలిపి నాటాలని ఒక పద్ధతిని రూపొందించారు. రాయి వేరు, వాన వేరు అయినా ఈ పాఠం మనకు అక్షరాలా వర్తిస్తుంది. మన దగ్గర ఇలాంటి పనులు విఫలమయ్యేది ఎక్కువగా మొక్కను మొట్టమొదట నాటడం వల్లనే. నీటికి దారి, నేలకు వదులుదనం, మట్టికి సత్తువ ఏర్పడిన తర్వాతే మొక్క వంతు రావాలి.

కాగితాల పని

ముందుగా ఆ భూమి ఎవరిదో తేల్చుకోండి. సర్వే నంబరు పట్టుకుని రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బి చూస్తే పట్టా భూమో, ప్రభుత్వ భూమో తెలుస్తుంది. అడవి హద్దులో ఉంటే అటవీ శాఖ అనుమతి లేకుండా గునపం దించరాదు. లీజు ఇంకా నడుస్తున్నదా, ముగిసిందా అన్నది గనులు, భూగర్భ శాఖ కార్యాలయంలో అడగాలి. మాంగనీసు ప్రధాన ఖనిజాల కోవలోకి వస్తుంది కాబట్టి గని మూసివేత ప్రణాళికను ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ ఆమోదిస్తుంది. లీజు అమల్లో ఉంటే ఈ పనీ, దీని ఖర్చూ లీజుదారు బాధ్యత. తవ్వకం పూర్తయిన నేలపై పశుగ్రాసం, మొక్కలు, జీవజాలం పెరగగలిగేలా తిరిగి గడ్డి పెంచాలని, ఆ ఖర్చును లీజుదారే భరించాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఇచ్చిన ఆదేశం గ్రామసభ తీర్మానంలో ప్రస్తావించదగినది. లీజుదారు ఎవరూ మిగలని పాత దిబ్బల విషయంలో, 2015 గనులు, ఖనిజాల సవరణ చట్టంతో ఏర్పడిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి కోసం కలెక్టరు కార్యాలయానికి అర్జీ పెట్టుకోవచ్చు.

దిబ్బను పరీక్షించడం

ఇక్కడి మాంగనీసు రాయి శిథిలమైనప్పుడు మిగిలేది ఎక్కువగా తెల్లటి, పసుపుపచ్చటి బంకమట్టి. ఎండలో అది పెచ్చుకట్టి నీటిని లోపలికి రానివ్వదు, బాగా నానితే జారిపోతుంది. అందుచేత దిబ్బ అంతటినీ ఒకే మట్టిగా లెక్కించకుండా, రంగు మారిన ప్రతి చోటా విడిగా పరీక్షించండి.

మొదటి పరీక్షకు ఒక గాజు గ్లాసు చాలు. గ్లాసులో వాన నీరు పోసి, శనగ గింజంత ఎండు మట్టిగడ్డను నెమ్మదిగా అందులో దించి, కదపకుండా ఒక గంట చూడండి. గడ్డ విరిగి అడుగున కుప్పగా పడి, పైనున్న నీరు తేటగా ఉంటే ఆ మట్టితో ఇబ్బంది లేదు. గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు లేచి నీరంతా పాకితే, ఆ మట్టి వానలో కరిగి కొట్టుకుపోయే రకం. దానికి జిప్సం వేయాలి, వాలు ఇంకా తగ్గించాలి, అక్కడ నేలను ఒక్క వానకాలం కూడా కప్పకుండా వదలకూడదు. రెండో పరీక్షకు వేలి మందం ఇనుప చువ్వను వాన పడిన మర్నాడు చేతితో నేలలోకి నొక్కండి. మూర లోతు కూడా దిగకుండా ఆగిపోతే చెట్టు వేరు కూడా అక్కడే ఆగుతుంది.

మూడోది ప్రయోగశాల పరీక్ష. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, వ్యవసాయ శాఖ భూసార పరీక్షా కేంద్రంలో గానీ అడిగి, ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనంతో పాటు మాంగనీసు, ఇనుము, జింకు కూడా చూపించుకోండి. సూచిక 5.5 కన్నా తగ్గితే మాంగనీసు కరిగి మొక్కకు విషమవుతుంది. ముదురు ఆకులపై గోధుమ రంగు చుక్కలు, లేత ఆకుల ఈనెల మధ్య పసుపు దాని గుర్తులు. అటువంటి చోట ప్రయోగశాల చెప్పిన మోతాదులో సున్నం వేయాలి. బొగ్గు దిబ్బల్లో గంధకపు ఖనిజం నుంచి ఆమ్లం పుట్టడం పెద్ద సమస్య కాగా, మన దిబ్బల్లో అంతకన్నా గమనించాల్సినది నీరు నిలవడం. సూచిక బాగానే ఉన్న నేలలో కూడా నీరు రోజుల తరబడి నిలిస్తే గాలి ఆడక, మాంగనీసు మళ్ళీ కరిగే రూపంలోకి మారుతుంది. కాబట్టి మురుగు పోయేలా చేయడం విషాన్ని తగ్గించే పని కూడా.

వాలు, నీటి దారి

డబ్బులో, శ్రమలో సగానికి పైగా ఇక్కడే పెట్టండి. లారీ నుంచి జారవిడిచిన దిబ్బ దాదాపు 35 నుంచి 37 డిగ్రీల వాలులో నిలుస్తుంది, దానిపై మట్టి గానీ విత్తనం గానీ ఆగదు. గనుల పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా కనిపించే షరతు, దిబ్బ మొత్తం వాలు 28 డిగ్రీలు మించకూడదన్నది. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. స్థలం ఉన్నచోట 3 మీటర్ల అడ్డానికి 1 మీటరు ఎత్తు, అంటే 18 డిగ్రీలకు తగ్గించడమే మేలు.

కొలవడానికి యంత్రం అక్కరలేదు. 2 మీటర్ల వంకర లేని వెదురు గెడ ఒక కొనను వాలుకు ఆనించి, రసమట్టం పెట్టి గెడను అడ్డంగా సమంగా పట్టుకోండి. గాలిలో ఉన్న రెండో కొన నుంచి రాయి కట్టిన దారాన్ని నేలకు వదిలి, దారం పొడవు కొలవండి. 106 సెంటీమీటర్లు వస్తే వాలు 28 డిగ్రీలు, 67 వస్తే 18 డిగ్రీలు. దిబ్బ చుట్టూ పాతిక అడుగులకొకసారి కొలిచి, 106 దాటిన చోటల్లా సున్నంతో గుర్తు పెడితే జేసీబీ నడిపేవారికి ఎక్కడ కోయాలో మాటలతో చెప్పనక్కరలేదు.

ఎత్తైన దిబ్బను మెట్లుగా కోయాలి. నిలువున ప్రతి 5 మీటర్లకు ఒక మెట్టు, దాని వెడల్పు 3 నుంచి 4 మీటర్లు ఉంటే నడవడానికి, మొక్కలకు నీరు మోయడానికి వీలుంటుంది. మెట్టు అంచు బయటికి కాక దిబ్బ వైపుకు కొద్దిగా వంగి ఉండాలి, అప్పుడే పై నీరు అంచు దాటి కిందికి దూకకుండా లోపలి కాలువలో చేరుతుంది. ఆ కాలువకు 100 మీటర్లకు 1 మీటరు చొప్పున వాలు ఇచ్చి, చివర రాళ్ళు పరిచిన జాలు గుండా కిందికి దించండి. రాళ్ళు పరచని జాలు ఒక్క తుపానుతో లోయగా మారుతుంది. ఎకరం నేలపై 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల నీరు అవుతుందని గుర్తుంచుకుంటే, కాలువ ఎంత ఉండాలో మీకే అర్థమవుతుంది.

దిబ్బ పాదం చుట్టూ సున్నం లేకుండా పేర్చిన రాతి కట్టు, దానికి బయట చుట్టుకాలువ, ఆ కాలువ చివర మట్టి తేరుకునే గుంట ఉండాలి. గుంటలో తేరిన నీరే గెడ్డలోకి వెళ్ళాలి. గుంట పూడికను ప్రతి ఏటా మృగశిర కార్తె లోపల తీయండి. రెండోసారి తనిఖీ సెప్టెంబరు చివర తప్పనిసరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరాన్ని తాకిన సంగతి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. దసరా నాటికి కాలువలు శుభ్రంగా లేకపోతే ఏడాది పని ఒక్క రాత్రిలో పోతుంది.

ఆకృతి కుదిరాక ఒక మాట కచ్చితంగా పాటించాలి. దిబ్బ లోపలి భాగం గట్టిగా ఉండవచ్చు, ఉండాలి కూడా. పైన వచ్చే 1 మీటరు నుంచి 1.2 మీటర్ల పొర మాత్రం కుప్పలుగా పోసి, ఒక్కసారి మాత్రమే సర్ది, ఆపై యంత్రం ఎక్కకుండా వదిలేయాలి. చూడటానికి గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. అధికారులెవరైనా చదునుగా నున్నగా చేయమంటే ఓపికగా కారణం చెప్పండి. ఆ చిన్న గుంటలే వాన నీటిని, గాలికి వచ్చిన విత్తనాన్ని పట్టుకుంటాయి. ముందే గట్టిపడిన పాత దిబ్బ పైభాగమైతే, వేసవిలో ఎండి ఉన్నప్పుడే వాలుకు అడ్డంగా రిప్పరుతో లోతుగా చీల్చాలి. తడిసిన బంకలో చీల్చితే ఇంకా గట్టిపడుతుంది.

వాలు తగ్గించడానికి చోటు లేని ముఖాలపై కొబ్బరి పీచు వల పరచండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, ముఖ్యంగా కవిటి, కంచిలి, సోంపేట వైపు పీచుకు కొదవ లేదు. అది రెండు మూడేళ్ళు నిలుస్తుంది. గోనె పట్టా చవక, కానీ ఏడాది తిరిగేసరికి శిథిలమవుతుంది. ఏదైనా సరే పై అంచును అడుగు లోతు గాడిలో పాతి, పై నుంచి కిందికి పరిచి, పక్క పట్టాతో జానెడు కలిపి, చెక్క మేకులు దిగగొట్టాలి. కింద నేల తగలకుండా గుడారంలా లేస్తే దాని కింద నీరు దారి చేసుకుంటుంది.

పైమట్టి, గత్తం

తవ్వకం ఇంకా జరుగుతున్న గని అయితే పై 15 నుంచి 30 సెంటీమీటర్ల మట్టిని ముందే విడిగా తీసి, 2 మీటర్ల ఎత్తు మించని కుప్పలుగా పోసి, జనుము గానీ ఉలవ గానీ చల్లి బతికించి, వీలైనంత త్వరగా తిరిగి వాడాలి. ఎత్తైన కుప్పల్లో గాలి ఆడక మట్టిలోని సూక్ష్మజీవులు చస్తాయి.

పాత దిబ్బలకు ఆ పైమట్టి ఎక్కడా మిగలలేదు. దాని కోసం మరో పొలాన్ని గీకి తేవడాన్ని నేను సమర్థించను. వేసవిలో చెరువు పూడిక తీసినప్పుడు దొరికే మట్టి వాడండి. అయితే లెక్క చూసుకోవాలి. ఎకరమంతా 15 సెంటీమీటర్ల మందాన పరచడానికి 600 ఘనపు మీటర్లు కావాలి, అంటే 100 ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరు ట్రక్కులు 200కు పైగా. అదే మట్టిని మొక్కల గోతుల్లో మాత్రమే నింపితే, 60 సెంటీమీటర్ల ఘనపు గోతులు ఎకరానికి 450 చొప్పున, సగం సగం కలిపినా 50 ఘనపు మీటర్లతో, సుమారు 18 ట్రక్కులతో పని జరుగుతుంది. పేద గ్రామానికి సాధ్యమయ్యే దారి ఈ రెండోదే. మిగిలిన నేలను పచ్చిరొట్ట బాగుచేస్తుంది.

పశువుల గత్తం బాగా చివికినదై ఉండాలి. చక్కెర మిల్లు నుంచి వచ్చే మడ్డి (ప్రెస్ మడ్) దొరికితే ఇంకా మంచిది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు మహారాష్ట్రలోని గుమ్‌గావ్ మాంగనీసు దిబ్బలపై ఇటువంటి మడ్డిని, నత్రజనిని పట్టి ఉంచే బాక్టీరియాను, వేర్లకు తోడుండే మైకోరైజా బూజును కలిపి చెట్లు పెంచి చూపారు. ఖనిజం ఒకటే కాబట్టి మనకు అంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. మైకోరైజా కొనలేకపోతే, దగ్గరి కొండమీద బతికున్న కానుగ, మోదుగ చెట్ల కింది మట్టిని ఒక్కో గోతికి గుప్పెడు వేయండి.

గడ్డి ముందు, చెట్టు తర్వాత

మృగశిర, ఆరుద్ర కార్తెల తొలకరికి గడ్డి, పప్పుజాతి విత్తనం చల్లాలి. పిల్లిపెసర, జనుము, ఉలవ, వెంపలి, స్టైలో అనే పశుగ్రాసపు పప్పుజాతి కలిపి, ఇసుకతో పలుచన చేసి, వాలుకు అడ్డంగా గీసిన గాళ్ళలో వేయండి. మామూలు పొలంలో వేసే విత్తనంలో సగం చాలు, ఎందుకంటే రేపు మొక్కకు చోటు కావాలి. జనుము పూతకు రాగానే కోసి అక్కడే పరిస్తే నేలకు కప్పు అవుతుంది. మెట్ల అంచుల్లో వట్టివేరు పిలకలను జానెడు కన్నా తక్కువ ఎడంతో వరుసగా నాటండి. దాని వేరు నిలువునా లోతుకు దిగి అంచును పట్టి ఉంచుతుంది, పశువులూ ముదురు ఆకును పెద్దగా తినవు.

మొక్కలు నాటడం పునర్వసు, పుష్యమి కార్తెల్లో, అంటే జూలై నుంచి ఆగస్టు మొదటి వారం లోపల ముగించాలి. 3 మీటర్ల ఎడంతో ఎకరానికి 450 మొక్కలు పడతాయి. వాటిలో సగం నేలను సిద్ధం చేసే గట్టి జాతులు కావాలి: కానుగ, దిరిసెన, మోదుగ, తెల్లతుమ్మ, గైరిసీడియా. మిగతా సగం ఊరికి పనికొచ్చేవి: వేప, నేరేడు, చింత, వెలగ, ఉసిరి, సీతాఫలం, నల్లమద్ది. నల్లమద్ది, వెదురు తేమ నిలిచే పాదం వైపు మాత్రమే. పలాస చుట్టుపక్కల చూసి చాలామంది జీడిమామిడి అడుగుతారు. చదునైన పైభాగంలో, మట్టి లోతున్న చోట అది వేయవచ్చు. నీలగిరినో సుబాబులునో ఒక్కటే వేసి పచ్చగా చూపించే పద్ధతికి మాత్రం నేను పూర్తిగా వ్యతిరేకిని. దాని కింద మరో మొక్క రాదు, పిట్ట ఆగదు, ఊరికి కాయ దక్కదు.

మోకాలికి కాస్త ఎత్తున్న మొక్కలే ఎంచుకోండి. ఆరడుగుల మొక్క ఫొటోలో బాగుంటుంది గానీ దిబ్బమీది గాలికి వేరు తెంచుకుంటుంది. సంచి కోసి, అడుగున చుట్టుకున్న వేర్లను కత్తిరించి, మొదలు చుట్టూ ఒక మీటరు మేర గడ్డి లేకుండా తీసి, కింది వైపు అర్ధచంద్రాకారపు గట్టు వేయాలి. జనవరి నుంచి మే వరకు రెండు వారాలకొకసారి మొక్కకు 10 లీటర్లు పోస్తే, ఎకరానికి ఒక్కో తడికి 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి సరిపోతుంది.

గోతుల సంగతి

నీళ్ళు నిలిచిన గోతుల గోడలు నిట్టనిలువుగా ఉంటాయి, పడినవారు ఎక్కి రాలేరు. కాబట్టి పూడ్చలేని ప్రతి గోతికీ కనీసం ఒక వైపు 3 మీటర్లకు 1 మీటరు వాలున్న దారి తీయండి. మిగతా వైపులా గచ్చ, కిత్తనార కంచె పెంచి, బోర్డు పెట్టండి. నిలువు గోడ అంచుకు దగ్గరలో చెట్లు నాటవద్దు. ఆ నీటిని పరీక్షించకుండా తాగడానికి వాడరాదు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 0.1 మిల్లీగ్రాము మాంగనీసు వరకు ఆమోదయోగ్యం, వేరే నీరు లేనప్పుడు 0.3 వరకు అనుమతి. చేపలు వదిలే ముందు కూడా పరీక్ష అవసరం.

మూడేళ్ళ కాపలా

మొదటి రెండేళ్ళు పశువులను పూర్తిగా ఆపాలి. ఇది ఒక్క కంచెతో జరగదు. మేకలు, గొర్రెలు కాచేవారిని మొదటి సమావేశానికే పిలిచి, గడ్డి కోసుకుపోయే హక్కు వారికే ముందు ఇవ్వండి, అప్పుడు వారే కాపలాదారులవుతారు. మార్చి నుంచి మే వరకు నిప్పు భయం ఉంటుంది కాబట్టి, చుట్టూ 3 మీటర్ల వెడల్పున ఎండు గడ్డి గీకి ఉంచాలి. నాటిన ఏడాది అక్టోబరులోనూ, మరుసటి ఏడాది మే నెలలోనూ బతికిన మొక్కలను మెట్టు వారీగా లెక్కించి పుస్తకంలో రాయండి. ఒక మెట్టులో మొక్కలు గుంపుగా చస్తే తప్పు మొక్కది కాదని గ్రహించి, నీరు నిలిచిందా, పెచ్చు కట్టిందా చూడాలి.

మూడో ఏడు వేసవిలో ప్రతి మెట్టులోనూ ఒక చెట్టు పక్కన మొల లోతు గుంట తీసి వేర్లను పరిశీలించండి. తల్లివేరు నిలువుగా దిగి ఉంటే ఆ మెట్టును ఇక దాని మానాన వదిలేయవచ్చు. మూర లోతు దగ్గర అడ్డంగా తిరిగి ఉంటే కింద గట్టి పొర మిగిలిందన్నమాట. అక్కడ చచ్చిన మొక్కల స్థానంలో కొత్తవి నాటే ముందు, గునపంతో ఆ పొరను పగలగొట్టి, చెరువు మట్టి, గత్తం నింపి, ఆ పని మృగశిరకు పదిహేను రోజుల ముందే ముగించండి.